సైకిలు చూడ్డానికి నాలుగు పళ్లు

టైలరు మాస్టారు సైకిలు అమ్మింది కోపంలో. గుడ్డ ముందుంటే మూడుసార్లు కొలిచి గానీ కత్తెర పెట్టని మనిషి. గుడ్డ లేని చోట మాత్రం ఒక్కసారి కూడా కొలిచిన పాపాన పోలేదు.

ఆ సైకిలు ఆయన పెళ్లికి ముందే ఇంట్లోకి వచ్చింది. పని నేర్పిన గురువు దగ్గర కొన్నది. నల్లగా, ఎత్తుగా ఉంటుంది. వైర్లు కాకుండా ఇనపకడ్డీల బ్రేకులు. ముందు చక్రానికి ఒరుసుకుంటూ తిరిగే డైనమో, దానికో గుండ్రటి లైటు. ఎక్కి కూర్చుంటే కిర్రుమనే తోలు సీటు. వెనక క్యారియర్ మీద గోధుమరంగు గుడ్డతో కుట్టిన మెత్త. ఆ మెత్త మాస్టారే కుట్టారు, పెళ్లయిన వారానికి, కొత్త పెళ్లాం కూర్చోడానికి. ఆ పెళ్లాం ముప్పయ్యేళ్లు దాని మీద కూర్చుంది. కూర్చుంటూనే ఆ సైకిలుకి 'సవతి' అని పేరు పెట్టింది. నాకంటే ముందొచ్చింది కాబట్టి పెద్ద సవతి అనేది.

రెండేళ్ల కిందట మాస్టారి మోకాలు మొరాయించింది. అప్పట్నుంచీ సైకిలు కదల్లేదు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో మనిషి పట్టేంత నడవా. ఆ నడవాలో గోడకి ఆనించి నిలబెట్టారు. రోజూ పొద్దున్నే ఆవిడ టీ గ్లాసుతో షాపులోకి వచ్చేటప్పుడు పెడలు కాలి ఎముకకి టంగుమని తగిలేది. అప్పుడావిడ, "ఈ ఇంట్లో ఆ సవతైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి!" అనేది. మాస్టారు "ఊఁ" అనేవారు. టీ తాగేవారు. ఇద్దరూ పనిలో పడేవారు. వాళ్ల కాపురంలో ఇది పళ్లు తోముకోవడం లాంటిది. ఎవరూ పట్టించుకోరు, ఏ రోజూ మానరు.

ఆ రోజు మాత్రం షాపులో మనిషున్నాడు. పక్కవీధి పళ్ల డాక్టరు, అరడజను తెల్లకోట్లు కుట్టించుకోడానికి వచ్చి, రెండు చేతులూ పక్కలకి చాపి నిలబడి ఉన్నాడు. మాస్టారు ఛాతీ కొలుస్తున్నారు. నడవాలో టంగుమంది. మాట వచ్చింది. "తేల్చుకోండి!"

రోజూ వినే మాటే, కానీ పరాయివాడి ముందు వినేసరికి మాస్టారికి ముక్కు మీదున్న కోపం నెత్తికెక్కింది.

"తేల్చేశాను!" అని అరిచి, డాక్టరు వైపు తిరిగారు. "డాక్టరు గారూ, మీకు సైకిలు కావాలా?"

డాక్టరు చాపిన చేతులు దించకుండానే తెర సందులోంచి నడవాలోకి తొంగి చూశాడు. "పాతకాలంది! నా క్లినిక్కులో గోడ బోసిగా ఉందండీ. దాని మీద వేలాడదీస్తే అదిరిపోతుంది."

"తీసుకుపోండి. మీకు తోచిందివ్వండి. అమ్మిన వస్తువు వెనక్కి అడిగే రకం కాదు నేను," అన్నారు మాస్టారు, అడుగుతావా అని ఎవరూ అడక్కపోయినా.

ఆవిడ టీ గ్లాసు పట్టుకుని తెర దగ్గరే నిలబడిపోయింది. "మంచిది" అని, గ్లాసు మిషను మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఇద్దరు మనుషులొచ్చి సైకిలు మోసుకుపోయారు. తలుపు వెనక మేకుకి తగిలించిన గాలిపంపు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు నడవాలోంచి వస్తూ, అలవాటు ప్రకారం పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి నడిచారు. అక్కడేమీ లేదు. వెనకాల ఆవిడా టీ గ్లాసు పైకెత్తి అలాగే పక్కకి తిరిగి వచ్చింది. నెల తిరిగినా ఇద్దరికీ ఆ నడక పోలేదు. ఖాళీ నడవాలో ఇద్దరూ పీతల్లా పక్కవాటున నడిచేవారు, ఒకళ్లు చూడకుండా ఇంకొకళ్లు. కాలికి దెబ్బ తగలడం లేదు కాబట్టి ఆవిడకి అనడానికి మాట లేదు. మాట లేదు కాబట్టి మాస్టారికి "ఊఁ" అనే పని లేదు. టీ మాత్రం వచ్చేది, మూగగా.

మాస్టారికి దిగులు పట్టుకుంది. బుద్ధి గడ్డి తిని అమ్ముకున్నాను అని రోజుకి పదిసార్లు తనని తాను తిట్టుకున్నారు. ఆ సంగతి భార్యకి తెలిస్తే తల కొట్టేసినట్టు ఉంటుందని పళ్ల బిగువున భరించారు. చివరికి ఒక సోమవారం, ఒక్కసారి చూసొస్తే చాలు అనుకుని పళ్ల డాక్టరు క్లినిక్కుకి వెళ్లారు.

"ఎవరికి నొప్పి?" అంది రిసెప్షన్ అమ్మాయి తలెత్తకుండా.

"నొప్పి కాదమ్మా, ఊరికే డాక్టరు గారిని..."

"నొప్పి లేకపోతే లోపలికి పంపను. పన్నుకే రావాలి ఇక్కడికి."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "ఉంది," అన్నారు.

లోపల గోడ నిండా సైకిలు. రెండు కొక్కేలకి వేలాడుతోంది, చక్రాల్లో గాలి లేదు. ఎదురుగా రోగి కుర్చీ. పడుకున్నవాడి కళ్లు తిన్నగా దాని మీదకే పోతాయి. మాస్టారు కుర్చీలో వాలి, క్యారియర్ మీద మెత్త కోసం వెతుక్కున్నారు. మెత్త అంచున తను వేసిన కుట్టు ఇక్కడికి కనిపిస్తోంది.

"నోరు తెరవండి," అన్నాడు డాక్టరు. నమస్కారానికి బదులు ఆ డాక్టరు అనే మాట అది. పదేళ్లుగా ఎదుటివాడి జవాబు వినే అవకాశం రాక, ప్రశ్నలూ జవాబులూ తనే చెప్పుకోవడానికి అలవాటు పడ్డ మనిషి. "బాగున్నారా? బాగున్నారు. పైదా, కిందదా? చూద్దాం."

సైకిలు అలా కళ్ల ముందు పెట్టుకుని మాస్టారు ఆగలేకపోయారు. నోరు తెరిచి ఉంది కాబట్టి వేలెత్తి గోడ వైపు చూపించారు. ఆ వేలు కుడి బుగ్గ పక్కనుంచి పోయింది.

"కుడివైపు పైదా? సరే," అన్నాడు డాక్టరు.

ఇంక చెప్పేదేముంది! పన్ను వచ్చేసింది. ఆ ఖాళీలో దూది పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకోండి. గంటసేపు మాట్లాడకూడదు," అన్నాడు. మాస్టారు దూది కొరుకుతూ ఇంటికి వచ్చారు. పన్ను పోయింది గానీ ఆ రాత్రి నెల తరవాత హాయిగా నిద్ర పట్టింది.

హాయి మూడు వారాలే. నాలుగో సోమవారం ఇంకోసారి చూడాలనిపించింది. ఈసారి ఊరికే చూసి రావడం కాదు, అడిగేద్దాం అనుకున్నారు. దారంతా మాటలు కూడబలుక్కున్నారు. కుర్చీలో కూర్చుని, "డాక్టరు గారూ..." అనేంతలో "ఆఁ, అలాగే తెరిచి ఉంచండి," అంటూ ఇనపముక్కేదో లోపల పెట్టేశాడు. రెండో పన్ను ఎడమవైపుది. తరవాత దూది. తరవాత గంటసేపు మౌనం.

కాగితం మీద రాసిస్తే పోయేదిగా అని మీరు అనొచ్చు. మాస్టారూ అనుకున్నారు. కానీ నోటితో అడిగితే అడగడం, కాగితం మీద అడిగితే దరఖాస్తు పెట్టుకోవడం. సొంత సైకిలు కోసం దరఖాస్తా! ఆయనకి నచ్చలేదు.

అందుకని ఆయన తన వృత్తినే నమ్ముకున్నారు. డాక్టరు కుర్చీలో డాక్టరు రాజు. తన షాపులో తను రాజు కాదూ! ఆరు కోట్లలో అయిదు చక్కగా కుట్టి, ఆరోదానికి ఎడమచెయ్యి నాలుగంగుళాలు పొట్టిగా కత్తిరించారు. తెలిసి తెలిసి తప్పు కుట్టడం జీవితంలో అదే మొదలు. అనుకున్నట్టే రెండో రోజుకి డాక్టరు కోటు పట్టుకుని వచ్చాడు.

"ఏంటి మాస్టారూ, నా ఎడమచెయ్యి ఎప్పుడు కురచైంది?"

"తొడుక్కోండి, చూద్దాం," అన్నారు మాస్టారు. డాక్టరు తొడుక్కుని చెయ్యి చాపాడు. ఇప్పుడు అడగాలి. మాస్టారు గొంతు సవరించుకున్నారు, టేపు అందుకున్నారు, ఎప్పటిలాగే పిడికెడు గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకున్నారు.

ముప్పయ్యేళ్ల అలవాటు. కొలత దగ్గర నిలబడితే సూదులు వాటంతటవే నోట్లోకి పోతాయి. రెండు చేతులూ గుడ్డ మీదుండాలి కాబట్టి టైలరు సూదులు పళ్ల మధ్యే ఉంటాయి. నోరు తెరిస్తే నేల మీదకో, తెరిచిన వేళ బాగుండకపోతే గొంతులోకో పోతాయి. మాస్టారు కళ్లు పెద్దవి చేసి "మ్మ్!" అన్నారు.

"మీకు నా సైకిలు నచ్చిందనుకుంటా మాస్టారూ," అన్నాడు డాక్టరు. "కుర్చీలో పడుకుని దాన్నే చూస్తారు. నచ్చిందా? నచ్చింది. ఆ గోడ చూసే మా క్లినిక్కుకి పేరొచ్చింది."

'నా సైకిలు' అన్న మాట మాస్టారికి పంటి కింద రాయిలా తగిలింది. సూదులు గట్టిగా కొరికిపట్టి, చెయ్యి పొడుగు చేయడానికి గుర్తులు పెట్టి పంపేశారు. పౌరుషానికి, ఆ గుర్తుల కన్నా ఇంకో అంగుళం ఎక్కువ పొడుగు కుట్టారు. దాంతో కోటు మళ్లీ వచ్చింది. మళ్లీ సూదులు, మళ్లీ "మ్మ్!".

ఇలా ఆ చలికాలమంతా గడిచింది. మాస్టారు క్లినిక్కుకి వెళితే నోరు తెరిచి ఉంటుంది, డాక్టరు షాపుకి వస్తే నోరు నిండి ఉంటుంది. మూడో పన్ను పోయింది. ఇంట్లో మాస్టారు ఒకవైపే నమిలేవారు. అదృష్టం కొద్దీ భార్య ఈమధ్య అన్నం జావలా వండుతోంది. కూరగాయలు గుజ్జు గుజ్జుగా ఉడకబెడుతోంది. కనిపెట్టేసిందేమో అని ఓసారి అనుమానపడ్డారు. కానీ ఆవిడ తలొంచుకుని తన కంచంలో జావ తను తాగుతోంది. నోరు తెరిచి నవ్వి ఎన్నాళ్లయిందో! బుధవారాలు అక్కగారింటికి వెళ్లి, తలకి శాలువా చుట్టుకుని తిరిగొచ్చి, మాట్లాడకుండా పడుకునేది. సైకిలు పోయి ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషిస్తోంది కాబోలు అని మాస్టారు మనసులో కష్టపెట్టుకున్నారు. తలుపు వెనక గాలిపంపు మీద ఇన్నాళ్లయినా దుమ్ము లేకపోవడం గమనించారు గానీ, అది ఎవరు తుడుస్తున్నారని ఆలోచించలేదు.

నాలుగో పన్ను ముందుది, కోరపన్ను. అది పోవడం డాక్టరు తప్పు కాదు. మెత్త మీద దుమ్ము పడిందని చూపించబోయి మాస్టారే వేలు కాస్త దగ్గరగా పెట్టారు.

ఆ వారంలోనే డాక్టరు కోటుతో వచ్చాడు. ఈసారి కుడిచెయ్యి. మాస్టారు టేపు అందుకున్నారు, సూదులు నోట్లో పెట్టుకున్నారు, పళ్లు బిగించారు. కోరపన్ను ఉండాల్సిన చోట ఖాళీ. సూదులన్నీ ఆ సందులోంచి జలజలా నేల మీద రాలిపోయాయి.

మాస్టారి నోరు ఖాళీ. డాక్టరు చెయ్యి గాల్లో ఉంది. ఇంక తప్పించుకోడానికి సాకు లేదు.

"డాక్టరు గారూ," అన్నారు మాస్టారు. "నా సైకిలు నాకిచ్చెయ్యండి. కోపంలో అమ్మేశాను. అది లేకపోతే నాకు తోచడం లేదు."

"అరె! ఆ మాట ముందే అడగొచ్చు కదండీ!"

"ఎప్పుడడగమంటారు? మీ దగ్గర నోరు తెరిచి ఉంటుంది, నా దగ్గర నోరు నిండి ఉంటుంది."

డాక్టరు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అంటే, మీ నాలుగు పళ్లూ..."

"బంగారంలా ఉండేవి."

"అవునవును, ఒక్కోటీ పీకేసరికి నాకు భుజం పట్టేసేది! లోపల ఏదో పెద్ద జబ్బుందని అనుకున్నాను గానీ..." డాక్టరు స్టూలు మీద కూలబడబోయి, పోయినసారి కోటు వెనక మరిచిపోయిన సూది గుచ్చుకుని చప్పున లేచాడు. "మాస్టారూ, నాకు ఇచ్చెయ్యాలనే ఉంది. కానీ ఇవ్వలేను."

"ఎందుకివ్వలేరు?"

"ఇంకొకావిడ వస్తుందండీ. బుధవారం బుధవారం. ఆవిడదీ ఇదే వరస. పళ్లలో నాకేమీ కనిపించదు, నొప్పి ఉంది, పీకమంటుంది. కుర్చీలో పడుకుని ఆ క్యారియర్ వైపే చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నొప్పికనుకున్నాను. పోయినసారి వెళ్తూ వెళ్తూ, దూది కొరుకుతూనే, కాగితం మీద రాసింది, ఈ సైకిలు ఎవరికీ ఇవ్వొద్దు అని. సరే అని మాటిచ్చాను."

మాస్టారికి ఒళ్లు మండింది. తన సైకిలు మీద పరాయి ఆడదాని హక్కేమిటి! "ఎవరండీ ఆవిడ?"

"పేరు గుర్తు లేదు. నాకు నోళ్లే గానీ మొహాలు గుర్తుండవు. గోధుమరంగు గుడ్డసంచీ ఉంటుంది చేతిలో. హ్యాండిల్ ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంటుంది. వెళ్లేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకుంటుందిగా, అందుకని తెలుసు."

మాస్టారు రాలిన సూదుల మధ్య అలాగే చతికిలబడ్డారు. ఆ సంచీ మెత్త కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టింది. హ్యాండిల్ తెగినప్పుడు గోధుమరంగు దారం అయిపోయి, ఆకుపచ్చది వేసింది తనే. ఆ రోజు "ఏ రంగైతేనేం, మీరు కుట్టారుగా" అంది ఆవిడ.

సాయంత్రం భోజనం దగ్గర మాస్టారు జావలో చెంచా పెట్టలేదు. భార్య వైపు చూస్తూ కూర్చున్నారు.

"నోరు తెరువు," అన్నారు.

"ఏం?"

"తెరువు చెప్తాను."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. బుధవారాల రహస్యం బయటపడిందని అర్థమైంది. ఇంకేదో కూడా అర్థమైంది, ఎందుకంటే కళ్లు చిన్నవి చేసి, "ముందు మీరు తెరవండి," అంది.

ఆ వయసు మొగుడూ పెళ్లాలు, దీపం కింద ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నోట్లోకి ఒకరు తొంగి చూసుకున్నారు. ఆవిడ వేలితో ఎంచింది.

"నాలుగు!"

"నీకు రెండు."

"ఎప్పుడూ అంతే. నాకంటే మీదే పైచేయి కావాలి," అంది ఆవిడ. అని ఏడ్చేసింది.

మాస్టారికి ఏం చెయ్యాలో తోచక ఆవిడ కొంగు అందుకుని ఆవిడ కళ్లే తుడిచారు. "నీకది సవతి కదే! నువ్వు పొమ్మంటేనే కదా పంపించాను!"

"రెండేళ్లుగా రోజూ అన్న మాటే కదండీ అన్నాను. ఆ ఒక్క రోజే ఎందుకు విన్నారు?"

నోట్లో సూదులూ లేవు, దూదీ లేదు, అయినా మాట రాలేదు.

"ఆ మెత్త మీద కూర్చునే కాపురం చేశాను," అంది ఆవిడ. "ఎక్కడికెళ్లినా మీ వీపే చూశాను గానీ ఊళ్లో ఒక్క వీధి సరిగ్గా చూడలేదు. గోడకెక్కించి, గాలి తీసి, దాన్ని అలా వేలాడదీస్తే ప్రాణం ఉసూరుమంది. మీకేమో చీమ కుట్టినట్టయినా లేదనుకున్నాను."

"తప్పు చేశానే," అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన నోట రావడం కూడా జీవితంలో అదే మొదలు.

బుధవారం ఇద్దరూ కలిసి క్లినిక్కుకి వెళ్లారు.

"ఎవరికి నొప్పి?" అంది రిసెప్షన్ అమ్మాయి తలెత్తకుండా.

"ఎవరికీ లేదు," అన్నారు మాస్టారు.

"నొప్పి లేకపోతే లోపలికి..."

ఆవిడ గోధుమరంగు సంచీలోంచి గాలిపంపు తీసి టేబుల్ మీద ఠప్పుమని పెట్టింది. "మా సైకిలు కోసం వచ్చాం," అంది. రిసెప్షన్ అమ్మాయి మొదటిసారి తలెత్తింది.

డాక్టరు గది తలుపు తీసి, "నోరు తెర..." అనబోయి, ఇద్దరినీ, సంచీనీ, గాలిపంపునీ ఒకచోట చూసి ఆగిపోయాడు. తన నోరే తెరిచి ఉండిపోయింది. కాసేపటికి తేరుకుని, "మాటిచ్చాను గానీ, ఎవరికిచ్చానో ఆవిడే వచ్చింది కాబట్టి పేచీ లేదు," అన్నాడు. "పట్టుకుపోండి. నాకేమీ ఇవ్వొద్దు. మీ ఇద్దరూ ఇంకో పన్ను పీకించుకుంటే నేను క్లినిక్కు మూసుకోవాల్సి వస్తుంది."

సైకిలు కిందికి దిగింది. బోసిపోయిన రెండు కొక్కేలకి డాక్టరు ఆరో కోటు తగిలించాడు, ఒక చెయ్యి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. బుగ్గలు వాచిన రోగులంతా వరసగా కూర్చుని చూస్తుండగా, హాలు మధ్యలో ఆవిడ హ్యాండిల్ పట్టుకుంది, మాస్టారు గాలి కొట్టారు. టైర్లు లేచి నిలబడుతుంటే ఎవరో దూది కొరుకుతూనే చప్పట్లు కొట్టారు.

మోకాలి మూలంగా మాస్టారు తొక్కలేదు. భార్యని మెత్త మీద కూర్చోబెట్టి, హ్యాండిల్ పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చారు. ముందు వీపు అడ్డం లేదు కాబట్టి ఆవిడ దారి పొడుగునా వీధులు చూస్తూ, "ఇక్కడ చెప్పుల షాపుందా? ఎప్పట్నుంచీ?" అని అడుగుతూ వచ్చింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు మిషను దగ్గర కూర్చుని చెవులు రిక్కించారు. నడవాలో అడుగుల చప్పుడు. ఇన్ని నెలలూ ఖాళీ నడవాలో పక్కకి తిరిగి నడిచిన మనిషి, ఈ రోజు తిన్నగా నడిచొచ్చింది. టంగుమంది. టీ సగం ఒలికింది.

"ఈ ఇంట్లో ఆ సవతైనా ఉండాలి, నేనైనా ఉండాలి! తేల్చుకోండి!"

షాపులో ఇద్దరు మనుషులు కొలతలకి నిలబడి ఉన్నారు. ఇద్దరూ తలలు తిప్పి చూశారు.

"ఊఁ," అన్నారు మాస్టారు. ఈసారి ఆ మాట వినలేదు.